గణాలన్నీ కుదిరాయి, కానీ పద్యం నడవడం లేదట. నడక అంటే ఏంటి?

పల్లెవెలుగు:

అందరికీ నమస్కారం. నేను అకౌంట్స్ మనిషిని, లెక్క టాలీ అయితే పని అయిపోయినట్టే అనుకునే రకం. ఈ మధ్య ఆటవెలది అనే పద్యం మీద మోజు పుట్టింది. గణం అంటే పొడుగు, పొట్టి అక్షరాల చిన్న గుంపు, అందులో సూర్యగణం చిన్నది, ఇంద్రగణం పెద్దది. రూలు చిన్నదే కదా: బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదంలో అయిదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు. ప్రాస (పాదాలన్నిటికీ రెండో అక్షరం ఒకటే కావడం) బాధ లేదు. సరే అని బస్‌స్టాప్‌లో నిలబడి రెండు పాదాలు కట్టాను.

వాన పడగ రోడ్డుపై బస్సు కోసము
కాళ్లు పీకె గాని కదలకుంటి

ఆన్‌లైన్‌లో గణాలు చూసిపెట్టే సాధనంలో వేస్తే రెండు పాదాలూ పాస్. మా ఆఫీసులో ఒక పెద్దాయన పద్యాలు బాగా చదువుతారు, సంబరంగా తీసుకెళ్లి చూపించాను. ఒకసారి చదివి, కళ్లద్దాలు తీసి, "గణాలున్నాయి నాయనా, నడక లేదు" అన్నారు. ఎక్కడ లేదండీ అంటే "అది చెవికి తెలియాలి" అని టిఫిన్ బాక్స్ తెరిచేశారు. ఇదేం సమాధానం? లెక్క సరిపోయాక ఇంకా మిగిలేది ఏంటి?

రెండో డౌటు మా అమ్మాయి హోంవర్క్‌ది. గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’కి గురులఘువులు పెట్టమన్నారు (పొడుగు అక్షరం గురువు, రెండు మాత్రలు; పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర). సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అని పుస్తకంలో ఉంది, కాబట్టి ‘ప్రే’ ముందున్న ‘ను’ గురువు అని పెట్టింది. అలా పెడితే ఈ పాదంలో పదిహేను మాత్రలు వస్తున్నాయి, కింద ‘మంచి అన్నది పెంచుమన్నా’లో పద్నాలుగే. గురజాడ లెక్క తప్పాడంటే నేను నమ్మను. మరి రూలు తప్పా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:

పల్లెవెలుగు గారూ, మీ పెద్దాయన నిజమే చెప్పారు గానీ సగం చెప్పి టిఫిన్ తిన్నారు. మిగతా సగం నేను చెప్తాను.

మీ మొదటి పాదం విడగొడితే వాన / పడగ / రోడ్డు / పై బస్సు / కోసము. మూడు సూర్యగణాలు, తర్వాత త గణం (గురువు-గురువు-లఘువు), భ గణం (గురువు-లఘువు-లఘువు), రెండూ ఇంద్రగణాలే. వా-పై యతి చెల్లింది. సాధనానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఇప్పుడు దాన్ని ఆటవెలది చదివే తీరులో గొంతెత్తి చదవండి. మూడో గణం దగ్గర గొంతు సహజంగా ఒక్క క్షణం ఆగుతుంది. "వాన పడగ రోడ్డు..." అని ఆగి "...పై బస్సు కోసము" అంటారు. రోడ్డు ఒకచోట, ‘పై’ ఇంకోచోట పడింది. వినేవాడికి ఆ ‘పై’ బస్సుకి అతుక్కుని ‘పై బస్సు’ అని వినిపిస్తుంది. మీరు డబుల్ డెక్కర్ ఎక్కబోతున్నారేమో అనుకుంటాడు.

సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట తెగాలి. తెలుగులో యతిని అక్షరమైత్రిగా తీసుకున్నాం, ఆ చోట మాట తెగి తీరాలన్న నిర్బంధం లేదు. అందుకే మీ పాదం ఛందస్సు ప్రకారం దోషం కాదు. వృత్తాల్లో, అంటే ఉత్పలమాల, శార్దూలం లాంటి పద్యాల్లో, మహాకవులు యతిస్థానాన్ని దాటించి పెద్ద పెద్ద సమాసాలు పరిగెత్తించారు. కానీ ఆటవెలది సంగతి వేరు, అది జనం నోట్లో తిరిగిన పద్యం. మీకు తెలిసిన వేమన పద్యమే చూడండి.

ఉప్పు కప్పురంబు | నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల | జాడ వేరు
పురుషులందు పుణ్య | పురుషులు వేరయా
విశ్వదాభిరామ | వినురవేమ

నాలుగు పాదాల్లోనూ గీత పెట్టిన చోటే యతి, అక్కడే మాట కూడా పూర్తయింది. గణం గణానికీ మాట తెగాలని లేదు, ‘కప్పురంబు’ రెండు గణాల్లో పడింది, ‘పోలిక’ కూడా చీలింది, అయినా చెవికి ఏమీ అనిపించదు. యతి దగ్గర మాత్రం చీల్చలేదు. రెండో పాదంలో ఇంకో ముచ్చట ఉంది, చూ-జా లకి మామూలు యతి కుదరదు. చూడ-జాడ అని రెండో అక్షరం ‘డ’తో ప్రాసయతి వేశాడు. పద్యం చిన్నప్పుడే నోటికి వచ్చేసింది కాబట్టి ఇవేవీ మనం గమనించం.

మీ రెండో పాదం చూడండి, "కాళ్లు పీకె గాని | కదలకుంటి". హాయిగా నడిచింది. మీకు తెలియకుండానే సరైన చోట తెంపారు. మొదటి పాదాన్ని "వాన పడెడు వేళ బస్సు కోసము నిల్చి" అని మార్చి చదివి చూడండి. వా-బ యతి చెల్లుతుంది, ‘వేళ’ దగ్గర ఆగడానికి చోటు దొరుకుతుంది.

‘దేశమును’ ప్రశ్న ఇంకెవరైనా అందుకోండి, మా మనవడు ఫోన్ కోసం కాచుకుని ఉన్నాడు.

తకధిమి:

‘దేశమును’ నేను తీసుకుంటా. షార్ట్ ఫిల్మ్‌లకి పాటలు రాస్తుంటాను, మాత్రలు లెక్కపెట్టడమే నా పని.

రూలు తప్పు కాదు, స్కూలు పుస్తకాల్లో సగమే చెప్తారు. సంయుక్తాక్షరం ముందున్నది గురువు కావాలంటే ఆ రెండూ ఒకే మాటలోనో ఒకే సమాసంలోనో ఉండాలి. ఎందుకో పాప చేత పైకి అనిపించండి. ‘దేశప్రేమ’ అనమనండి. నోరు ‘దేశప్‌-ప్రేమ’ అంటుంది, ‘శ’ మీద ‘ప్‌’ వచ్చి వాలుతుంది, ఆ బరువుకి ‘శ’ గురువు అవుతుంది. ఇప్పుడు ‘దేశమును ప్రేమించు’ అనమనండి. ‘దేశమునుప్‌-ప్రేమించు’ అని ఎవరమైనా అంటామా? అనం. ‘ను’ తేలిగ్గా అయిపోయి, ‘ప్రే’ కొత్తగా మొదలవుతుంది. అందుకే ‘ను’ లఘువే. నోట్లో ఏం జరుగుతోందో దాన్నే రూలుగా రాశారు, రూలు చూసి నోరు నడవదు.

ఇప్పుడు లెక్క. దేశ (3) మును ప్రే (4) మించు (3) మన్నా (4), మొత్తం 14. మంచి (3) అన్నది (4) పెంచు (3) మన్నా (4), ఇదీ 14. మూడు-నాలుగు, మూడు-నాలుగు, అంటే తకిట తకధిమి తకిట తకధిమి. మిశ్రగతి అంటాం. 1910లో గురజాడ ముత్యాల సరాల్లో పట్టుకున్న నడక ఇదే. గణాల పేర్లు ఒక్కటీ తెలియని పిల్లవాడు కూడా దీన్ని తప్పు చదవలేడు, ఎందుకంటే ప్రతి మూడు-నాలుగు దగ్గరా అడుగు ఎక్కడ వేయాలో మాటలే చెప్తాయి.

మా ఫీల్డులో కష్టం ఏంటంటే ట్యూన్ ముందు వస్తుంది, "తననా తనన" అని డమ్మీ ఒకటి పంపిస్తారు, మాటలు అందులో కూర్చోబెట్టాలి. లఘువు ఉండాల్సిన చోట గురువు పడితే సింగర్ దాన్ని కుదించి పాడేస్తారు, వినేవాళ్లకి మాట అర్థం కాదు. గురువు ఉండాల్సిన చోట లఘువు పడితే సాగదీస్తారు, ‘కల’ కాస్తా ‘కాల’ అయి కూర్చుంటుంది. ఈ మధ్య పాటల్లో మాటలు తెలియడం లేదని అందరూ మిక్సింగ్‌ని తిడతారు గానీ సగం తప్పు ఇక్కడుంది.

లెక్కలమాస్టర్ కొడుకు:

"చెవికి తెలియాలి" అనే మాట వింటే నాకు ఒళ్లుమంట. మాస్టారు గారు చూపించినట్టు చెవికి తెలిసేదాన్ని కాగితం మీద కూడా చూపించొచ్చు. అయితే తకధిమి గారి మాత్రల లెక్క ఆటవెలదికి అతకదు, అది చెప్పాలి.

మాస్టారు ఇక్కడ చూపించిన వేమన పద్యానికే మాత్రలు లెక్కపెట్టండి. మొదటి పాదం 3+3+3+5+5, అంటే 19. మూడో పాదం 3+3+3+4+5, అంటే 18. ‘పురుషులు’ నాలుగు లఘువులు, మొదటి పాదంలో అదే చోట ఉన్న ‘నొక్క పో’ అయిదు మాత్రలు. ఒక మాత్ర తక్కువ. అయినా మీలో ఎవరికైనా మూడో పాదం పొట్టిగా వినిపించిందా? ఇంద్రగణాల్లో నల (నాలుగు లఘువులు), భ గణాలకి నాలుగేసి మాత్రలు, మిగతా నాలుగింటికి అయిదేసి. మాత్రాఛందస్సు అయితే ఇది కుదిరే పని కాదు.

మరి ఈ గణాలని ఏ లెక్కన ఒక గుంపులో వేశారు? పక్కపక్కన పెట్టి చూస్తే ఇలా కనిపించింది. సూర్యగణాలు రెండు: మూడు లఘువులు, లేదా గురువు-లఘువు. ఇంద్రగణాలు ఆరు, కానీ నిజానికి మూడు జతలు. నాలుగు లఘువులకి జత భ గణం, నగానికి (మూడు లఘువులు, గురువు) జత ర గణం (గురువు-లఘువు-గురువు), సలానికి (రెండు లఘువులు, గురువు, లఘువు) జత త గణం. ప్రతి జతలోనూ తేడా ఒక్కటే, మొదట్లో ఉన్న రెండు లఘువులు కలిసిపోయి ఒక గురువు అవుతున్నాయి.

అంతెందుకు, చంపకమాల మొదటి రెండు లఘువుల్ని కలిపి ఒక గురువు చేయండి, 21 అక్షరాలు కాస్తా 20 అయి ఉత్పలమాల వచ్చేస్తుంది. మత్తేభానికీ అదే చేయండి, శార్దూలం వస్తుంది. గణాల పేర్లు చూస్తే నజభజజజర ఎక్కడ, భరనభభరవ ఎక్కడ, సంబంధమే లేనట్టుంటాయి. విడివిడిగా లఘువు గురువు రాసుకుంటే మొదట్లో తప్ప ఎక్కడా తేడా లేదు. స్కూల్లో ఈ నాలుగింటినీ నాలుగు వేర్వేరు శిక్షల్లాగా బట్టీ పట్టించారు మాకు.

కరీంనగర్ కవిత:

లెక్కలమాస్టర్ కొడుకు గారు చెప్పింది చదివి నాకు భలే అనిపించింది, ఎందుకంటే అది మేం రోజూ మాట్లాడే మాటే. మా దిక్కు ‘మనిషి’ అనరు, ‘మన్షి’ అంటరు. మూడు లఘువులు పోయి గురువు-లఘువు. మనుషులు - మన్షులు, నాలుగు లఘువులు పోయి భ గణం. అంటే మీరు చెప్పిన జతలే! మధ్యలో ఉన్న చిన్న అచ్చు మింగేస్తం, కానీ దాని టైమ్ ఎటూ పోదు, ముందు అక్షరం మీదకి వచ్చి కూర్చుంటది. మాత్రలు అంతకుముందు ఎన్నో ఇప్పుడూ అన్నే.

ఇది తెలంగాణ ముచ్చటే కాదు, అందరూ నిలిచి-నిల్చి, పిలిచి-పిల్చి, తలచి-తల్చి రెండు రకాలుగా అంటనే ఉంటరు. కవులు కూడా ఏది అవసరమైతే అది వేసుకున్నరు, మాస్టారు గారి సవరణలో ‘నిల్చి’ చూడండి. ‘నిలిచి’ అంటే ‘సము నిలిచి’ అయితది, అది ఇంద్రగణం కాదు.

కాబట్టి పల్లెవెలుగు అన్నా, మాట్లాడే భాష వేరు, పద్యం లెక్క వేరు అనుకోకండి. ఎవరన్నా ‘అడుగుతాడు’ని ‘అడుగ్తాడు’ అన్నప్పుడు గమనించండి, ‘గు’లో అచ్చు పోయినా టైమ్ పోలేదు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:

కవితమ్మా, లెక్కల బాబూ, మీరిద్దరూ కలిసి అంశగణాల దాకా వచ్చేశారు. అంశ అంటే గణంలో ఒక ముక్క. సూర్యగణానికి రెండు అంశలు, ఇంద్రగణానికి మూడు. మొదటి అంశ గురువైనా ఉండాలి, రెండు లఘువులైనా ఉండాలి. తర్వాతి అంశలు గురువైనా లఘువైనా ఫర్వాలేదు. ఆ లెక్కన మూడు అంశలకి ఎనిమిది రూపాలు రావాలి. కన్నడంలో ఎనిమిదీ వాడారు, దాన్ని విష్ణుగణం అంటారు. మనవాళ్లు మరీ బరువుగా ఉన్న రెండింటిని, అంటే మ గణాన్నీ (మూడు గురువులు) సగ గణాన్నీ (రెండు లఘువులు, రెండు గురువులు) వదిలేసి ఆరు ఉంచుకున్నారు. సూర్యగణంలో కూడా చివర గురువు ఉన్నవి వదిలేశారు. అందుకే మాత్రలు 4, 5 అని ఊగుతాయి, అంశలు మాత్రం ఊగవు. ఆ తక్కువైన ఒక్క మాత్రనీ చదివేవాడు ‘పురుషులూ’ అని కాస్త లాగి పూడ్చేస్తాడు, లాగుతున్నట్టు వాడికీ తెలియదు.

ఒహాయో అమ్మ:

కాస్త పక్కదారి పట్టించొచ్చా? మా బాబు ఇక్కడే పుట్టాడు, ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్తాడు. అక్షరాలన్నీ వచ్చు, చదవడం వచ్చు, కానీ వాడు పద్యం చదివితే తెలుగు తెలుగులా ఉండదు. ఏదో ఒక అక్షరం మీద గట్టిగా గుద్ది మిగతావి మింగేస్తాడు. ‘రామాయణం’లో ‘మా’ని గుద్దుతాడు, ‘రా’ ఉందో లేదో తెలియదు, చివరి ‘ణం’ గాల్లో కలిసిపోతుంది.

మొదట్లో శ్రద్ధ లేదనుకుని కోప్పడ్డాను. తర్వాత అర్థమైంది, వాడు చేస్తున్నది ఇంగ్లిష్ పని. ఇంగ్లిష్‌లో మాటకి ఒక అక్షరం మీద బరువు ఉంటుంది, మిగతావి ఆ బరువు కింద నలిగిపోతాయి. ‘రికార్డ్’ అనే మాటలో బరువు మొదట వేస్తే వస్తువు పేరు, చివర వేస్తే పని. స్పెల్లింగు మాత్రం ఒకటే. మనకి అలాంటి బాధ లేదు, మనకి పొడవు-పొట్టి ముఖ్యం, ఒత్తు ముఖ్యం. గడి వేరు, గడ్డి వేరు, గాడి వేరు. మేం ఇక్కడ ఆఫీసులో ‘కంఫర్టబుల్’ అని నాలుగు అక్షరాలూ పూర్తిగా పలికితే వాళ్లకి వింతగా ఉంటుంది, వాళ్లు మూడింటితో సరిపెడతారు. వాడు రామాయణానికి చేసేదీ మేం కంఫర్టబుల్‌కి చేసేదీ ఒకటే, దిక్కులు మారాయి అంతే.

ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. లఘువుకి చిటిక, గురువుకి చప్పట్టు కొట్టి చేతులు కలిపి ఉంచడం. రా (చప్పట్టు) మా (చప్పట్టు) య (చిటిక) ణం (చప్పట్టు). చేతులు విడదీసేదాకా తర్వాతి అక్షరానికి వెళ్లకూడదు. ‘గుద్దడం’ చాలావరకు తగ్గింది. గణాల పేర్లు ఒక్కటీ చెప్పలేదు, చెప్పను కూడా. కానీ ఇప్పుడు వాడి బాధ వేరే, అన్నీ సమానంగా, రోబో చదివినట్టు చదువుతున్నాడు. దీనికి ఏమైనా మందుందా?

తకధిమి:

ఒహాయో అమ్మ గారూ, చిటికలు కొట్టించడం ఆపేసి వాడికి ‘బావా యెప్పుడు వచ్చితీవు’ వినిపించండి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పద్యం, మన నాటకాల పిచ్చి ఉన్న ఇళ్లల్లో అందరికీ నోటికి వస్తుంది. అది శార్దూలం, లెక్క ప్రకారం మసజసతతగ, పంతొమ్మిది అక్షరాలు, ఒక్కటి అటూ ఇటూ అయినా ఒప్పుకోదు. కానీ వినేవాడికి ఏమనిపిస్తుంది? ఎవరో గుమ్మంలోకి వచ్చిన బావని పలకరిస్తున్నట్టు ఉంటుంది, ఛందస్సు ఉందన్న అనుమానమే రాదు. "బావా" అని రెండు గురువులతో పిలుపు, మనం ఎవరినైనా దూరం నుంచి పిలిచినా అలాగే సాగదీస్తాం. తర్వాత ప్రశ్న కాబట్టి లఘువులు గబగబా వచ్చి ‘తీవు’ దగ్గర తేలతాయి. "సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్" అనేటప్పటికి ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుని అడుగుతున్నట్టు గురువులు వరసగా పడతాయి.

మీవాడికి లెక్క వచ్చేసింది, ఇక అర్థం పట్టుకుని అడగడం నేర్పండి. ఎదురుగా మిమ్మల్ని బావ అనుకుని అడగమనండి. రంగస్థలం వాళ్లు పద్యం చివర తీసే రాగం మాత్రం ఇప్పుడే నేర్పకండి, మీ అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారు.

పల్లెవెలుగు:

అందరికీ థ్యాంక్స్. అమ్మాయికి దేశప్రేమ, దేశమును ప్రేమించు రెండూ పైకి అనిపించాను, పక్కన వింటున్న మా ఆవిడ కూడా "అవును, తేడా ఉంది" అంది. హోంవర్క్‌లో లఘువు అని దిద్దుకుంది, టీచర్ ఒప్పుకుంటారో లేదో చూడాలి.

మాస్టారి సవరణ తీసుకుని పద్యం పూర్తి చేశాను. ఈసారి ప్రతి పాదం మూడో గణం దగ్గర ఆగి చూసుకున్నాను.

వాన పడెడు వేళ బస్సు కోసము నిల్చి
కాళ్లు పీకె గాని కదలకుంటి
ఆటొ వాడు వచ్చి యడిగె నూటేబది
బస్సు వచ్చె నతడు పరుగు తీసె

లెక్కలమాస్టర్ కొడుకు:

మూడో పాదం సూపర్, ‘వచ్చి’ తర్వాత ‘యడిగె’ దగ్గర ఆ-య యతి బాగా కుదిరింది. కానీ ‘ఆటో’లో ‘టో’ని పొట్టి చేసేశారేంటి? ఆటో అంటే రెండూ గురువులే, గగ సూర్యగణం కాదు. గణం కోసం మాటని నొక్కేశారు.

పల్లెవెలుగు:

నొక్కింది నేను కాదండీ. మా ఊళ్లో సెంటర్లో నిలబడి ఎవరు పిలిచినా "ఆటొ వస్తావా" అనే పిలుస్తారు. కావాలంటే సాయంత్రం రికార్డ్ చేసి పెడతాను.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:

పెట్టండి. దూరం నుంచి పిలిచేటప్పుడు కూడా ఒకటి రికార్డ్ చేయండి, అప్పుడు ‘టో’ సాగుతుందని నా అనుమానం. ‘నూటేబది’కి మాత్రం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు మీరు.